మామూలు మనుషులకు ఆత్మరక్షణ పాఠం

నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో న్యూఢిల్లీలోనూ ప్రపంచ బాక్సింగ్ బంగారు పతకాలు గెలిచినప్పుడు ఒక్క నిజామాబాదే కాదు, తెలుగు నేల అంతా సంతోషించింది. ఆడపిల్లను కరాటేకో బాక్సింగ్‌కో పంపితే తప్పేమిటన్న ఆలోచన చాలా ఇళ్లలో వచ్చింది. ఈ వ్యాసం మాత్రం ఆ పిల్లల గురించి కాదు. వాళ్లను క్లాసు దగ్గర దించి, బయట బెంచీ మీద కూర్చుని ఎదురుచూసే పెద్దవాళ్ల గురించి. మోకాళ్ల నొప్పులున్న కుట్టుమిషన్ అక్క, షుగరు మాత్రలు వేసుకునే కిరాణా కొట్టు చాచా, రాత్రి డ్యూటీ ముగించుకుని ఒంటరిగా బస్సు దిగే నర్సు, చిన్నప్పటి నుంచీ ఆటల జోలికి పోని గుమాస్తా. ఇలాంటివారు ఆత్మరక్షణ నేర్చుకోగలరా? నేర్చుకుంటే ఏమైనా ఒరుగుతుందా?

దాతలు మమ్మల్ని అడిగేదీ ఇదే. "పిల్లల ఫీజులకు ఇస్తాం, రేషన్ కిట్లకు ఇస్తాం. నలభై దాటినవాళ్లకు కుస్తీలు నేర్పడానికి ఎందుకివ్వాలి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం కనుక కాస్త ఓపికగా చదవమని కోరుతున్నాం.

తాలింఖానా అన్న మాట

మన ఊళ్లకు ఇది కొత్త విద్య కాదు. వ్యాయామశాలను తాలింఖానా అనేవారని పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 'తాలీం' అంటే అరబ్బీలో చదువు చెప్పడం, 'ఖానా' అంటే పారసీలో ఇల్లు. దండాలు, బస్కీలు తీసే చోటును మన పూర్వులు ఒక బడిగానే లెక్కపెట్టారన్నమాట. చాలా ఊళ్లలో పీర్ల పండుగకు కర్రసాము చేసిన కుర్రాళ్లే దసరాకూ చేసేవారు. కాకపోతే అది వయసులో ఉన్న, ఒంట్లో బలమున్న మగవాళ్ల బడి. తక్కినవాళ్లు చుట్టూ నిలబడి చూసేవారు.

బలం లేనివాడి కోసం విద్యను మలచాలన్న ఆలోచన జపాన్‌లో బాగా పండింది. జూడో స్థాపకుడు జిగోరో కానో చిన్నప్పుడు బక్కపలచగా ఉండి, తోటి పిల్లల చేతిలో దెబ్బలు తిన్నవాడు. జుజుత్సు నేర్చుకోవాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. 1882లో ఆయన పెట్టిన బడే నేటి జూడోకు మూలం. అదే జుజుత్సును లండన్‌లో ఎడిత్ గారడ్ అనే ఆమె ఓటు హక్కు కోసం పోరాడుతున్న స్త్రీలకు నేర్పింది. ఆమె ఎత్తు ఐదడుగులు కూడా లేదు. 1913లో ఉద్యమ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్‌ను అరెస్టుల నుంచి కాపాడటానికి స్త్రీలే అంగరక్షక దళంగా ఏర్పడినప్పుడు వారికి శిక్షణ ఇచ్చింది ఈమే. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. మన కుట్టుమిషన్ అక్క వయసే.

ఎవరి నుంచి రక్షణ?

ప్రమాదం అనగానే మనకు చీకటి సందు, ముఖం తెలియని మనిషి గుర్తొస్తాయి. అలాంటివి జరగవని అనడం లేదు. కానీ జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ప్రచురించే లెక్కలు చూడండి. అత్యాచారం కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. బంధువు, పక్కింటివాడు, పనిలో పెట్టుకున్న యజమాని, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. ఈ ఒక్క వాస్తవం తెలిస్తే ఆత్మరక్షణ పాఠం మొత్తం మారిపోతుంది. పిడికిలి ఎలా బిగించాలన్నది వెనక్కి వెళ్లి, తెలిసిన మనిషికి "వద్దు" అని ఎలా చెప్పాలన్నది ముందుకొస్తుంది.

ఇది తేలిక అనుకునేవారు ఒకసారి మా తరగతికి వచ్చి చూడాలి. ప్యాడ్‌ను అరచేత్తో కొట్టడం ఒక ఆదివారంలో వచ్చేస్తుంది. కానీ ఎదురుగా ఒకరు నిలబడి "ఏంటమ్మా, నేనేమన్నా పరాయివాడినా?" అంటూ ఒకడుగు ముందుకు వేస్తే, కళ్లలోకి చూసి "అక్కడే ఆగండి దుల్హాభాయ్. నా మీద చెయ్యి వేయొద్దు" అనడానికి కొందరికి నాలుగు ఆదివారాలు పట్టింది. మొదటిసారి నవ్వేస్తారు. రెండోసారి తల వంచుకుని "వద్దండీ" అని గొణుగుతారు. మూడోసారి కారణాలు చెప్పడం మొదలుపెడతారు: "మా ఆయన చూస్తే బాగుండదు, అత్తయ్య లోపలే ఉంది" అని. కారణం చెప్పగానే అవతలివాడు దానికి సమాధానం వెతుకుతాడు. "మీ ఆయన ఊళ్లో లేడుగా!" అంటాడు. అందుకే కారణం చెప్పకూడదు. ఒకే చిన్న వాక్యం, గొంతు కడుపులోంచి రావాలి, అవసరమైతే మూడుసార్లు అదే వాక్యం. ముఖం మీద నవ్వు ఉండకూడదు.

గమనించారా, ఆ వాక్యంలో 'అండి' ఉంది. మేము దాన్ని తీసేయమనలేదు. మన ఇళ్లలో పెద్దవాళ్లను ఏకవచనంతో పిలవమంటే చాలామందికి నోరే పెగలదు, అసలు మాట గొంతులోనే ఆగిపోతుంది. మర్యాద ఉంచుకునే గట్టిగా మాట్లాడవచ్చు. మనం ఆడపిల్లలకు గొంతు పెంచొద్దని, ఇంటికొచ్చినవాళ్ల ముందు ముఖం మాడ్చుకోవద్దని నేర్పుతాం. దుర్మార్గుడు ఆసరాగా తీసుకునేది సరిగ్గా ఆ సంకోచాన్నే. అత్తగార్లు, ఆడపడుచులు కూడా ఈ తరగతిలో కూర్చోవాలని మేము పట్టుబట్టేది అందుకే. కోడలు అలా అన్న రోజున "పెద్దమనిషిని అంత మాట అంటావా?" అని కసిరేవారు ఇంట్లో ఉంటే, నేర్చుకున్నది ఆ ఒక్కసారితోనే ఆగిపోతుంది.

మగవాళ్ల ప్రమాదం వేరే రకం. బండికి బండి తగలడం, పార్కింగు, చేబదులు, టీ కొట్టు దగ్గర ఒక వెటకారం. ఇరవై సెకన్లలో పిడికిళ్లు లేస్తాయి. సినిమాల్లో దెబ్బ తిన్నవాడు లేచి దులుపుకుంటాడు. సిమెంటు రోడ్డు మీద ఒక్క గుద్దుకు వెనక్కి పడి, తల తగిలి ప్రాణం పోవచ్చు. పోయేది మన ప్రాణం కాకపోతే మిగిలేది మన జైలు. కాబట్టి మగవాళ్లకు మేము మొదటి పాఠంగా నేర్పేది "సరే అన్నా, నాదే పొరపాటు, వెళ్దాం" అనడం. దీన్ని పిరికితనం అనేవారికి మా గురువుగారు ఒకటే చెబుతారు: అలా అనగలగడం ఇరవై ఏళ్లుగా కరాటే చేస్తున్న తనకే ఇప్పటికీ కష్టమట.

ఇక గొలుసు దొంగలు. బండి మీద వచ్చినవాడు గొలుసు పట్టుకుంటే మన చెయ్యి కూడా దాని మీదికే పోతుంది. పట్టుకుంటే మెడ కోసుకుపోతుంది, లేదా మనిషే రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. వదిలేయాలి. బండి రంగు, నంబరులో చివరి అంకెలు, వెళ్లిన దిక్కు మనసులో పెట్టుకోవాలి. కొత్త చట్టం 304వ సెక్షన్‌లో దీన్ని ప్రత్యేక నేరంగానే పెట్టింది. కత్తి చూపించినా అంతే. పర్సు ఒక పక్కకు విసిరి మరో పక్కకు పరుగెత్తాలి. కత్తి పట్టుకున్న చేతిని మెలిపెట్టే విద్య పది వారాల్లో నేర్పుతామని ఎవరైనా చెబితే ఆ క్లాసుకు వెళ్లకండి.

భయం పుట్టినప్పుడు

భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, వేళ్లు వణుకుతాయి, చూపు సొరంగంలోంచి చూసినట్టు ఇరుకవుతుంది, పక్కవాళ్ల మాటలు వినపడవు. ఆ సమయంలో తాళం చెవి తాళంలో పెట్టడమే కష్టం. ఏడు అంచెల పట్టు ఎక్కడ గుర్తుంటుంది? అందుకే మామూలు మనిషికి నేర్పవలసిన కదలికలు నాలుగైదుకు మించకూడదు. అవీ పెద్ద కండరాలతో చేసేవి అయి ఉండాలి: తోయడం, మోకాలితో కొట్టడం, కాలితో తొక్కడం.

కొందరికి ఒళ్లు బిగుసుకుపోతుంది. అరుద్దామన్నా గొంతు రాదు. ఇది శరీరం తనంతట తాను చేసే పని, మనిషి గుండె ధైర్యానికీ దీనికీ సంబంధం లేదు. తరువాత ఇంట్లోవాళ్లు, కొన్నిసార్లు పోలీసులూ "ఎందుకు అరవలేదు?" అని అడుగుతారు. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది: ఒంటితో ప్రతిఘటించనంత మాత్రాన ఆమె ఒప్పుకున్నట్టు కాదు. ఈ మాట ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

తరగతిలో చేసేది

ముందు దూరం. రెండు చేతులు చాచినంత దూరంలో ఉన్న మనిషి మనల్ని ముట్టుకోవాలంటే అడుగు వేయక తప్పదు. ఆ అడుగే మనకు హెచ్చరిక. అతను దగ్గరికొస్తే మనం ఒక కాలు వెనక్కి పెట్టి, రెండు అరచేతులూ ఛాతీ ముందుకు తెచ్చి "ఆగండి" అనాలి. చూసేవాళ్లకు అది బతిమాలుతున్నట్టే ఉంటుంది, కానీ చేతులు అప్పటికే తయారుగా ఉంటాయి. సాక్షులకు కూడా గొడవ వద్దన్నది ఎవరో అర్థమవుతుంది.

కొట్టక తప్పనప్పుడు పిడికిలి వాడొద్దంటాం. అలవాటు లేని పిడికిలి ఎముక మీద తగిలితే చిటికెన వేలి కింది ఎముక విరుగుతుంది. అరచేతి మడమతో గడ్డం కిందనో ముక్కు మీదనో తోసినట్టు కొట్టడం మేలు. దగ్గరగా ఉంటే మోకాలు, కాలి మడమతో పాదం మీద తొక్కడం. ఒకటి రెండు దెబ్బలు తగలగానే పరుగు. గెలుపు మనకు అక్కర్లేదు, వెలుతురు, మనుషులు ఉన్న చోటు చేరితే చాలు.

మణికట్టు పట్టుకుంటే అందరూ వెనక్కి లాగుతారు. బలమున్నవాడిదే పైచేయి అవుతుంది. పట్టుకున్న చేతిలో బొటనవేలు, మిగతా వేళ్లు కలిసే చోట ఒక సందు ఉంటుంది. మన మణికట్టు సన్నటి అంచును ఆ సందు వైపు తిప్పి, మోచేతిని అతని వైపే నెడుతూ మడిస్తే చెయ్యి జారి బయటికొస్తుంది. యాభై ఏళ్ల ఆపా ఇది చేసి, తన చెయ్యి తనే ఆశ్చర్యంగా చూసుకోవడం మేము ఎన్నోసార్లు చూశాం. జుట్టు పట్టుకుంటే ముందు రెండు చేతులతో అతని చేతిని మన తలకే అదిమి పట్టాలి, నొప్పి సగం తగ్గుతుంది. ఆపైన అతని వైపు తిరిగి ముంగాలి ఎముక మీద తన్నాలి.

ఇవన్నీ రోజూ వేసుకునే బట్టల్లోనే చేయాలి. ట్రాక్‌సూట్‌లో నేర్చుకుని బురఖాలోనో చీరలోనో బయటికి వెళితే మొదటి అడుగే తట్టుకుంటుంది. పరుగెత్తేటప్పుడు అంచును ఏ చేత్తో ఎత్తాలి, చున్నీని మెడ చుట్టూ తిప్పి గట్టిగా పిన్ను పెట్టుకుంటే వెనక నుంచి లాగినప్పుడు ఏమవుతుంది, ఏ చెప్పులతో పరుగెత్తగలం — ఇవి పుస్తకాల్లో దొరకవు. పెప్పర్ స్ప్రే కూడా అంతే. హ్యాండ్‌బ్యాగు అడుగున టిఫిను డబ్బా కింద ఉంటే అది ఉన్నట్టా లేనట్టా? గాలి ఎదురుగా వీస్తే మన కళ్లలోనే పడుతుంది. దాని మీద గడువు తేదీ కూడా ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం మేము పడటం నేర్పడానికి ఇస్తాం. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, వీపును గుండ్రంగా చేసి, తల నేలకు తగలకుండా పడటం. దాడి కొందరికి జీవితమంతా ఎదురు కాకపోవచ్చు, తడి బాత్రూము అందరి ఇళ్లలోనూ ఉంది.

పన్నెండు గంటల చదువు

ఇంత కొద్ది శిక్షణ నిజంగా పనికొస్తుందా అన్నదానికి చెప్పుకోదగ్గ పరిశీలన ఒకటి ఉంది. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం చదువుతున్న 893 మంది యువతులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మూడేసి గంటల చొప్పున నాలుగు పాఠాలు, రెండో జట్టుకు మామూలు కరపత్రాలు. ఏడాది తరువాత అత్యాచారానికి గురైనవారు కరపత్రాల జట్టులో 9.8 శాతం ఉంటే, పాఠాలు విన్న జట్టులో 5.2 శాతం ఉన్నారు. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇది అచ్చయింది. వాళ్లు పడుచువాళ్లు, చదువుకుంటున్నవాళ్లు, అది వేరే దేశం. ఆ అంకెలను మన వీధికి అలాగే అతికించడం సరికాదు. మాకు ముఖ్యమనిపించింది మరొకటి. ఆ నాలుగు పాఠాల్లో ఒంటితో ఎదిరించడం ఒక్కదానిలోనే ఉంది. తక్కినవి ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, తెలిసినవాడే అయినా ప్రమాదం ప్రమాదమేనని ఒప్పుకోవడం, తనకు ఏది ఇష్టమో ఏది కాదో తెలుసుకోవడం గురించే.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని మేము తేలిగ్గా తీసుకోం. ఆడవాళ్లకు నేర్పితే, రేపు ఏదైనా జరిగినప్పుడు "నేర్చుకున్నావుగా, ఎందుకు ఆపలేకపోయావు?" అంటారు. నేరం ఎప్పుడూ చేసినవాడిదే. ఈ మాట ప్రతి తరగతి మొదట్లోనూ గురువుగారు చెబుతారు. మగవాళ్ల తరగతిలో ఇంకా గట్టిగా చెబుతారు, అక్కడ దాంతోపాటు బస్సులో, పెళ్లి ఇంట్లో ఎవరైనా ఇబ్బంది పెడుతుంటే చూస్తూ ఊరుకోకుండా మధ్యకు వెళ్లి మాట మార్చడం కూడా నేర్పుతారు.

చట్టం ఎంతవరకు?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. మన ఒంటినే కాదు, పక్కవాళ్ల ఒంటిని కాపాడే హక్కూ ఉంది. దెబ్బ పడేదాకా ఆగనక్కరలేదు, ప్రమాదం ఉందని న్యాయంగా భయపడే పరిస్థితి వస్తే చాలు. ఆ భయం ఉన్నంతసేపే హక్కు. దొంగ పారిపోతుంటే వెంటాడి పట్టుకుని, కట్టేసి కొడితే అది మన నేరం. మన వీధుల్లో ఇది తరచు మరిచిపోతున్నాం. అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే పిలవాలి. ప్రాణభయం, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి సందర్భాల్లో ఎదిరించేటప్పుడు అవతలివాడి ప్రాణం పోయినా హక్కు వర్తిస్తుంది. ప్రమాదంలో ఉన్నవాడు ప్రతి దెబ్బనూ బంగారం తూచే త్రాసులో తూచి కొట్టలేడని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో అంది.

ఫోను నంబర్లు రెండు చాలు: 112 అత్యవసరానికి, 181 మహిళలకు. ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు.

డబ్బు దేనికి?

గురువును ఎంచుకునేటప్పుడు గోడ మీది పతకాల కన్నా, బలహీనమైన విద్యార్థితో ఎలా మాట్లాడుతున్నారో చూడండి. మోకాలు నొప్పి అంటే వేరే కదలిక చూపించాలి, సిగ్గుపడేలా చేయకూడదు. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడిగి చేరాలి, ఆ విషయం గురువుకు చెప్పాలి. షుగరు మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో రాకూడదు. జత కట్టి సాధన చేసేటప్పుడు రెండుసార్లు తట్టగానే వదిలేయాలి, ఈ నియమం తప్పినవారిని మేము పక్కన కూర్చోబెడతాం. మెడ నిజంగా నొక్కే సాధన మా దగ్గర లేనే లేదు. స్త్రీలకు విడిగా సమయం, స్త్రీయే గురువు. అలా కాకపోతే మన ఇళ్లలోంచి ఎవరూ రారు. వచ్చినా ఆ దుల్హాభాయ్ వాక్యం నోరు తెరిచి అనరు.

ఖర్చు పెద్దదేమీ కాదు. నేల మీద పరిచే చాపలు, నాలుగు ప్యాడ్లు, గురువులిద్దరికి గౌరవ వేతనం. హాలు మనదే. అయితే ఇవన్నీ ఉన్నా మొదట్లో తల్లులు రెండు వారాలు వచ్చి మానేసేవారు. కారణం కనుక్కుంటే పిల్లలను ఎక్కడ వదలాలో తెలియక. ఇప్పుడు పక్క గదిలో ఒక ఆయా కూర్చుంటోంది. మానేసినవాళ్లు తిరిగొచ్చారు. ఈ సంవత్సరం ఈ పని కోసం వచ్చే విరాళాల్లో మొదట చెల్లించేది ఆమె జీతమే.